పంట కాపలా తుపాకీకి తుప్పే శత్రువు

నల్లమందు మసి కడగకుండా నూనె పూస్తే ముప్పు - గీకితే గొట్టం పలచన, నంబరు పోతే కేసు - ఎన్నికల డిపాజిట్టుకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అనంతపురం: వేరుశనగ చేను ఊడలు దిగి కాయ పట్టిందంటే ఈ సీమలో రైతుకు రాత్రి నిద్ర ఉండదు. అడవి పందుల మంద ఒక్క రాత్రి చేలో పడితే చాలు, ఏడాది కష్టం మట్టిపాలే. ఉరవకొండ, వజ్రకరూరు, విడపనకల్లు వైపు జింకల మందల బాధ వేరు. డబ్బాలు కొట్టేవారు కొందరు, టపాకాయలు కాల్చేవారు కొందరు, మంచె పక్కన నెగడు వేసుకుని తెల్లవార్లూ కూర్చునేవారు కొందరు. లైసెన్సు ఉన్న కొద్ది ఇళ్లలో మాత్రం తాతల నాటి మందు తుపాకీయో, ఒంటి గొట్టపు తుపాకీయో, జంట గొట్టాలదో ఉంటుంది. పైకి కాల్చి చప్పుడు చేసి మందను బెదరగొట్టడానికే దాని ఉపయోగం.

ఏడాదికి నాలుగైదు సార్లు కూడా పేలని ఈ తుపాకీ మిగతా కాలమంతా ఎక్కడ ఉంటుంది? కొందరి ఇంట్లో గోనె సంచిలో చుట్టి అటక మీద. కొందరి ఇంట్లో ఎరువు బస్తాల వెనక గోడకు ఆనించి. పంట కాపుకు వచ్చాక బయటకు తీస్తే గొట్టం నిండా ఎర్ర మచ్చలు. తుప్పు, అదే మన పెద్దల మాటలో చిలుము.

చిలుము పడితే తుపాకీ అందం పోతుందని చాలామంది అనుకుంటారు. పోయేది అందం ఒక్కటే అయితే ఇంత చెప్పుకోవలసిన పని లేదు. మందు అంటుకున్నప్పుడు పుట్టే ఒత్తిడినంతా ఆపేది ఆ గొట్టపు గోడ. లోపల తుప్పు తిని గుంటలు పడిన చోట గోడ పలచబడుతుంది. అక్కడే గొట్టం చీలితే ముందు పోయేవి గొట్టాన్ని పట్టుకున్న ఎడమ చెయ్యి, గురి చూసే కన్ను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. అందుకే తుపాకీ ఉన్న ప్రతి ఇంటివారూ తుప్పు సంగతి తెలుసుకోవాలి.

వాన లేని సీమలో తుప్పా?

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసే జిల్లా ఇది. కోస్తాలో సముద్రపు గాలి సోకే ఊళ్లతో పోలిస్తే ఇక్కడ ఇనుము ఎక్కువ కాలం నిలుస్తుందన్నది నిజమే. కాని తుప్పుకు వరద అక్కరలేదు. ఇనుము, గాలి, కంటికి కనబడనంత పలచని నీటి పొర, ఈ మూడూ కలిస్తే చాలు. గాలిలో తేమ 60 శాతం దాటితే ఆ నీటి పొర దానంతట అదే ఏర్పడుతుంది. అక్కడి నుంచి తుప్పు వేగం అందుకుంటుంది.

అనంతపురానికి ఎక్కువ వాన సెప్టెంబరులో. వేరుశనగ కావలి కాసేది కూడా సరిగ్గా అప్పటి నుంచే. ఆ తరువాత మంచు పడే రాత్రులు వస్తాయి. ఆకాశం కింద పెట్టిన ఇనుము గాలి కంటే ముందు చల్లబడుతుంది. తెల్లవారుజామున రేకుల కప్పు మీద నీళ్లు కారడం అందరూ చూసేదే. మంచె మీద పెట్టిన తుపాకీ గొట్టానికీ అదే జరుగుతుంది. లోపలి వైపు కూడా నీరు పడుతుంది, కాని అది కంటికి కనబడదు. చలిలో నుంచి తెచ్చిన తుపాకీని వెంటనే గుడ్డలో చుట్టి మూల పెడితే ఆ నీరు ఆరడానికి దారే ఉండదు.

దీనికి తోడు చేతి చెమట. చెమటలో ఉప్పు ఉంటుంది. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, తుప్పును తొందరపెడుతుంది. పాత తుపాకులను చూస్తే వేళ్లు పట్టే చోటే మచ్చలు ఎక్కువ ఉండడానికి కారణం ఇదే. యూరియా, డి.ఏ.పి. బస్తాలున్న గదిలో సంగతి ఇంకా అన్యాయం. ఎరువు కూడా ఉప్పు లాంటిదే. గాలిలోని తేమను లాగుతుంది, దాని ధూళి ఇనుము మీద పడి కొరుకుతుంది. ఎరువు ఉన్న గదిలో తుపాకీనే కాదు, ఏ ఇనుప పనిముట్టునూ పెట్టకూడదు.

పై మచ్చ, లోపలి గుంట

రాగికి, అల్యూమినియానికి పట్టే పొర ఆ లోహాన్ని అంటిపెట్టుకుని లోపలి భాగాన్ని కొంతవరకు కాపాడుతుంది. ఇనుముకు ఆ అదృష్టం లేదు. ఇనుము తుప్పుగా మారినప్పుడు రెండింతలకు పైగా ఉబ్బుతుంది. ఉబ్బి, పగిలి, పొడిపొడిగా రాలుతుంది. కింద కొత్త ఇనుము బయటపడుతుంది. దానికీ తుప్పు పడుతుంది. పైగా తుప్పు పొర దూది లాగా తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. అందుకే నిన్నటి చిన్న మచ్చ రేపటికి గుంట అవుతుంది.

గొట్టం మీది మచ్చ కంటికి కనబడుతుంది కనుక తుడుస్తారు. గొట్టానికి, కర్రకు మధ్య దాగిన తుప్పును ఎవరూ చూడరు. వానలో తడిసిన కర్ర నెలల తరబడి తేమను వదలదు. ఆ తేమ ఇనుమును అడుగు వైపు నుంచి తింటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్టు ఈ తుప్పు బయటపడేసరికి చాలా ఇనుము పోయి ఉంటుంది. వానలో తడిసిన తుపాకీని కర్ర విప్పించి ఆరబెట్టించడం అవసరం. విప్పడం తెలియనివారు బలవంతం చేయకుండా లైసెన్సు ఉన్న మరమ్మతుదారు దగ్గరకు తీసుకుపోవాలి.

నూనెకు ముందు నీళ్లు

మందు తుపాకీకి వాన కంటే పెద్ద శత్రువు దానిలో కాలే నల్లమందే. సురేకారం, గంధకం, బొగ్గు కలిపి చేసే ఈ మందు కాలినప్పుడు సగానికి పైగా వాయువుగా మారదు. కొంత తెల్లటి పొగతో బయటకు పోతుంది, మిగిలినది మసిగా గొట్టానికి అంటుకుంటుంది. ఆ మసి నిండా తేమను లాగే లవణాలే. పాత రకం క్యాపుల్లో, తూటాల్లో వాడిన పొటాషియం క్లోరేటు కాలితే మిగిలేది పొటాషియం క్లోరైడు. అది వంటింటి ఉప్పుకు తోబుట్టువు. సాయంత్రం కాల్చి కడగకుండా పెడితే తేమ రోజుల్లో మరునాటికే ఎర్రదనం కనబడుతుంది.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. మసి మీదనే నూనె పోసి తుడిచి, పని అయిపోయిందనుకుంటారు. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. నూనె పూసినా ఉప్పు అలాగే ఉంటుంది. నూనె పొర కిందనే తుప్పు సాగిపోతుంది. ఇనుముకు నీళ్లు తగలకూడదని భయపడి నీళ్లు వాడనివారి తుపాకీయే ముందు పాడవుతుంది. పాత 303 రైఫిళ్ల కాలంలో సైనికులు కాల్చిన తరువాత గొట్టంలో మరిగే నీళ్లు పోసేది ఇందుకే.

నీళ్లు వేడిగా ఉండడంలో ఒక కిటుకు ఉంది. మరిగిన నీళ్లకు గొట్టం కాగుతుంది, ఆ వేడికే లోపలి తడి తొందరగా ఆరిపోతుంది. చన్నీళ్లతో కడిగితే తడి నిలిచిపోతుంది.

శుభ్రం చేసే క్రమం ఇది:

మొదటిది, తుపాకీలో మందు లేదని రూఢి చేసుకోవాలి. మందు తుపాకీకి గజం కడ్డీయే సాక్షి. ఖాళీగా ఉన్నప్పుడు కడ్డీని గొట్టంలో అడుగు దాకా దించి, మూతి దగ్గర కడ్డీ మీద గీత పెట్టుకోవాలి. తరువాత ఎప్పుడైనా ఆ గీత మూతికి పైన నిలిచిపోతే లోపల ఏదో ఉన్నట్టే. మూతికి ఎదురుగా ముఖం పెట్టి చూడకూడదు. లోపల ఏదైనా ఉన్నట్టు తేలితే ఇంట్లో తవ్వి తీసే ప్రయత్నం చేయకుండా తెలిసినవారికి అప్పగించాలి.

రెండవది, మందు డబ్బా, క్యాపులు, తూటాలు వేరే గదిలో పెట్టాలి. దీపం, పొయ్యి, బీడీ దగ్గర ఉండకూడదు. పిల్లలను దూరంగా పంపాలి.

మూడవది, గొట్టాన్ని వేడినీళ్లతో కడిగి, నల్లటి మసి పోయి తెల్ల నీళ్లు వచ్చేదాకా తడి గుడ్డ పీలికలతో తుడవాలి. క్యాపు కూర్చునే సన్న రంధ్రాన్ని మరచిపోకూడదు. మసి పేరుకునేది, తుప్పు మొదలయ్యేది అక్కడే.

నాలుగవది, పొడి పీలికలతో తడి లేకుండా తుడవాలి. పీలిక ఎర్రగా వస్తే తుప్పు ఉన్నట్టు, నల్లగా వస్తే మసి ఉన్నట్టు. తెల్లగా రావాలి.

ఐదవది, గొట్టం వేడి ఆరక ముందే లోపల, బయట పలచగా నూనె తుడవాలి. ధారగా పోయకూడదు. ఎక్కువైన నూనె కారి కర్రలోకి దిగి దాన్ని మెత్తబరుస్తుంది. తుపాకీని మూతి కిందకు ఉండేట్టు పెడితే ఈ బాధ తగ్గుతుంది.

మరునాడు ఇంకొక పొడి పీలిక వేసి చూసుకోవడం మంచిది. ఎరుపు కనబడితే ఉప్పు మిగిలి ఉన్నట్టే. మళ్లీ కడగాలి.

ఏ నూనె మంచిది?

వేరుశనగ పండించే జిల్లా కనుక చేతికందేది శనగ నూనె. ఇనుముకు అది మంచిది కాదు. కొన్నాళ్లకు గాలి తగిలి ముక్కిపోతుంది, పులుపెక్కుతుంది, జిగురవుతుంది. ఆ జిగురుకు దుమ్ము పడుతుంది, దుమ్ము తేమను పట్టుకుంటుంది. కొబ్బరి నూనెదీ అదే దారి. ఆముదం కొంత మేలు. బండి ఇరుసుకు ఆముదం వేసిన కాలం పెద్దలకు తెలుసు. కాని అది కూడా నెలల తరబడి ఉంటే చిక్కబడి ట్రిగ్గరు, స్ప్రింగులను పట్టేస్తుంది.

కిరసనాయిలు మురికిని బాగా వదిలిస్తుంది. అయితే అది తొందరగా ఎగిరిపోతుంది, వెనక పొర మిగలదు. దానితో తుడిచి వదిలేస్తే కాపలా లేని చేను లాంటిదే. ట్రాక్టరు నుంచి తీసిన కాలిన ఆయిలు అసలే వద్దు. అందులో మసి, ఆమ్లం, కొంత నీరు కూడా ఉంటాయి.

కుట్టు మిషనుకు వేసే పలచని నూనె అన్ని ఊళ్లలో దొరుకుతుంది, ధర కూడా తక్కువ. నెలకొకసారి తుడవడానికి అది సరిపోతుంది. ఆరు నెలలు తియ్యకుండా పెట్టవలసి వస్తే గ్రీజుగాని, వాజిలైనుగాని పలచగా పూయాలి. మళ్లీ కాల్చే ముందు మాత్రం గొట్టంలోని గ్రీజును పూర్తిగా తీసివేయాలి. గొట్టంలో ఏ అడ్డు ఉన్నా ఒత్తిడి పెరిగి చీలే ప్రమాదం ఉంది. కందిరీగ మూతిలో మట్టి గూడు కట్టినా అంతే. మూతికి గుడ్డ కుక్కి ఉంచే అలవాటు కూడా మంచిది కాదు. లోపలి తేమ బయటకు పోదు, గుడ్డ ఉన్న సంగతి మరచి కాలిస్తే ప్రాణం మీదకు వస్తుంది.

తోలు సంచిలో పెట్టి తుపాకీ భద్రంగా ఉందనుకోవడం మరొక పొరపాటు. తోలును పదును చేసిన ఉప్పు, ఆమ్లాలు అందులో మిగిలి ఉంటాయి. తేమను కూడా తోలు పీలుస్తుంది. తోలు సంచి మోసుకుపోవడానికే, దాచడానికి కాదు. గోనె సంచిదీ అదే సంగతి.

ఆ నల్లని మెరుపు రంగు కాదు

కొత్త తుపాకీ గొట్టం నీలి నలుపు రంగులో నిగనిగలాడుతుంది. దాన్ని పెయింటు అనుకునేవారు ఉన్నారు. అది పెయింటు కాదు, ఇనుమే ఇంకొక రూపం పొందింది. ఎర్ర తుప్పులో ఇనుము, ఆక్సిజను ఒక పాళ్లలో ఉంటే, నల్ల పొరలో మరొక పాళ్లలో ఉంటాయి. వాగు ఇసుకలో అయస్కాంతం తిప్పితే అంటుకునే నల్లరవ్వ ఏ పదార్థమో ఈ పొర కూడా అదే పదార్థం. ఎర్ర తుప్పు రాలుతుంది, ఈ నల్ల పొర ఇనుమును అంటిపెట్టుకుని ఉంటుంది.

దీన్ని తెప్పించే పాత పద్ధతి ఒకటి వింటే ఆశ్చర్యంగా ఉంటుంది. గొట్టానికి నూనె జిడ్డు ఏమాత్రం లేకుండా శుభ్రం చేసి, పలచని ఆమ్ల ద్రావకం పూసి, తేమ గదిలో పెట్టి, కావాలనే సన్నని తుప్పు పట్టిస్తారు. తరువాత గొట్టాన్ని మంచినీళ్లలో మరిగిస్తారు. ఎర్ర తుప్పు నల్ల పొరగా మారుతుంది. పైన వదులుగా ఉన్న నలుపును మెత్తని తీగ బ్రష్షుతో దులిపి, మళ్లీ మొదటి నుంచి చేస్తారు. ఇలా అనేకసార్లు చేస్తే గాని రంగు నిండదు. మధ్యలో ఒక్క వేలిముద్ర పడినా అక్కడ మచ్చ మిగులుతుంది. అందుకే ఇది రోజుల తరబడి సాగే పని, కూలి కూడా ఎక్కువే.

ఫ్యాక్టరీలలో వేగంగా చేసే పద్ధతి వేరు. కాస్టిక్ సోడా, నైట్రేటు లవణాలు కలిపి సుమారు 140 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో తుపాకీ భాగాలను ముంచుతారు. కొద్ది నిమిషాలలో నల్లబడతాయి. మీద చిందితే ఒళ్లు కాలిపోయే ద్రావకం అది. పైగా జంట గొట్టాల తుపాకులకు ఈ పద్ధతి పనికిరాదు. రెండు గొట్టాలను కలిపే పట్టీలు సీసం, తగరం కలిసిన అతుకుతో ఉంటాయి. కాస్టిక్ ద్రావకం ఆ అతుకును తినేస్తుంది. మెరుగు పెట్టించబోతే గొట్టాలు విడిపోతాయి. జంట గొట్టాలవారు మరమ్మతుదారును ముందే ఏ పద్ధతిలో చేస్తారని అడిగి తెలుసుకోవాలి.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఎంత బాగా చేసినా ఈ నల్ల పొర వెంట్రుక మందంలో చిన్న వంతు కూడా ఉండదు. దానిలో కంటికి కనబడని సందులుంటాయి. ఒంటరిగా అది తుప్పును ఆపలేదు. అది చేసే మేలు నూనెను పట్టి ఉంచడం. నూనె తుడవని తుపాకీకి ఎంత ఖర్చు పెట్టి మెరుగు పెట్టించినా మళ్లీ తుప్పు పట్టక మానదు.

ఉక్కు పుట్టిన నేల

తెలుగునాడుకు ఉక్కు కొత్త కాదు. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో మూసలలో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. 1820ల కాలంలో ఆ కొలుములను చూసిన ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు హెచ్. డబ్ల్యు. వాయిసీ ఆ పద్ధతిని వర్ణించి రాశాడు. అక్కడి ఉక్కుతో చేసిన కత్తుల మీద నీటి అలల వంటి చారలు ఉండేవి. ఆ చారలు పైకి తేలడానికి కత్తికి ఆమ్ల ద్రావకం పూసేవారు. ఉక్కులో కర్బనం ఎక్కువ తక్కువలున్న చోట్లు నలుపు తెలుపులుగా విడివడి కనబడేవి.

గొట్టాలకు కూడా ఇదే విద్య వాడారు. 1776లో గుత్తి దుర్గాన్ని హైదరాలీ పట్టుకున్న తరువాత ఈ సీమ మైసూరు ఏలుబడిలోకి పోయింది. ఆయన కొడుకు టిప్పు సుల్తాను కాలంలో శ్రీరంగపట్నంలో తయారైన మేలిరకం తుపాకుల గొట్టాలను ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి చుట్టి అతికి చేసేవారు. ఆ మెలికల చారలు ఈనాటికీ మ్యూజియంలలో చూడవచ్చు.

ఢిల్లీ ఇనుప స్తంభం సుమారు 1600 ఏళ్లుగా ఎండా వానలకు నిలిచి ఉంది. దాని ఇనుములో భాస్వరం ఎక్కువ. ఆ భాస్వరం వల్ల పైన ఒక ఫాస్ఫేటు పొర ఏర్పడి స్తంభాన్ని కాపాడుతున్నదని కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణియం పరిశోధించి చెప్పారు. 20వ శతాబ్దంలో సైన్యాల తుపాకులకు మెరుపు లేని బూడిద రంగు పూత వచ్చింది. అది కూడా ఫాస్ఫేటు పొరే. ఫాస్ఫారిక్ ఆమ్లపు ద్రావకంలో ముంచి దాన్ని తెప్పిస్తారు. స్తంభానికి దానంతట అది దక్కినదాన్ని తుపాకీకి కావాలని కల్పిస్తున్నారు. ఈ పొర గరుకుగా ఉండి నూనెను బాగా పట్టి ఉంచుతుంది.

గీకితే గొట్టానికే చేటు

చిలుము చూడగానే ఉప్పుకాగితం అందుకోవడం చాలామంది అలవాటు. ఉప్పుకాగితం, ఆకురాయి తుప్పుతో పాటు మంచి ఇనుమునూ తీసుకుపోతాయి. నల్ల పొర పోయి బోడి ఇనుము మిగులుతుంది. దానికి వారం తిరగకుండా మళ్లీ తుప్పు. మళ్లీ గీకుడు. ఇలా ఏటేటా గీకితే గొట్టం పలచబడుతుంది.

పలచని తుప్పుకు నూనె తడిపి ఒక రాత్రి నాననిచ్చి, మరునాడు ముతక గుడ్డతో రుద్దితే చాలావరకు పోతుంది. మొండి మచ్చను రాగి ముక్కతో నూనె వేసి మెల్లగా గీకవచ్చు. రాగి ఉక్కు కంటే మెత్తన, అందువల్ల ఉక్కుకు గీత పడదు. చింతపండు, నిమ్మరసం ఇత్తడి చెంబుకు మంచివే కాని గొట్టానికి కాదు. పులుపు తుప్పును కరిగిస్తుంది, ఇనుమునూ కొరుకుతుంది, కడిగిన గంటల్లోనే కొత్త తుప్పును పిలుస్తుంది.

కొలిమిలో కాల్చి నల్లబరిచే పని ఎట్టి పరిస్థితిలోనూ చేయించకూడదు. వేడికి అతుకులు వదులుతాయి, ఉక్కు పదును పోతుంది. తుప్పు మీదనే నల్ల పెయింటు పూయడం కూడా పైన పటారం, లోన లొటారం. పెయింటు కింద తుప్పు పెరుగుతూనే ఉంటుంది, చూసేవారికి మాత్రం తుపాకీ కొత్తదిగా కనబడుతుంది. గొట్టం లోపల గుంటలు పడినా, ఉబ్బు కనబడినా, కొట్టుకుపోయినా మెరుగుతో సరిపెట్టుకోకూడదు. మరమ్మతుదారు పరీక్షించి మంచిదని చెప్పేదాకా దాన్ని కాల్చకపోవడమే క్షేమం.

చట్టం ఏమంటుంది?

ఈ సీమలో ఆయుధానికి లెక్క చెప్పడం ఇవాళ్టి మాట కాదు. 1800లో నిజాము దత్తమండలాలను ఆంగ్లేయులకు అప్పగించాక, అనంతపురం కేంద్రంగా పనిచేసిన కలెక్టరు థామస్ మన్రో మొదట పెట్టుకున్న పని 80 మంది పాళెగాళ్ల బలాన్ని అణచడం. 1878 చట్టంతో దేశమంతటా లైసెన్సు పద్ధతి వచ్చింది. స్వతంత్రం వచ్చాక దాని చోటులో 1959 ఆయుధాల చట్టం వచ్చింది.

పంట రక్షణ కోసం మందు తుపాకీకి లైసెన్సు కోరే వీలు ఆ చట్టంలోనే ఉంది. 2019 సవరణతో లైసెన్సు గడువు 3 ఏళ్ల నుంచి 5 ఏళ్లకు పెరిగింది. ఒకరి దగ్గర ఉండదగిన తుపాకులు 3 నుంచి 2కు తగ్గాయి.

తుప్పు వదిలించేవారు తప్పక తెలుసుకోవలసినవి రెండు సెక్షన్లు. 8వ సెక్షను ప్రకారం తుపాకీ మీది పేరు, నంబరు, గుర్తు చెరపడం, మార్చడం నేరం. ఉప్పుకాగితంతో గీకి నంబరు పోగొట్టుకుంటే, తుప్పు కోసం చేశామన్న మాట నెగ్గుతుందని నమ్మకం లేదు. నంబరు ఉన్న చోట నూనె గుడ్డ తప్ప మరొకటి తగలనివ్వకూడదు. 5వ సెక్షను ప్రకారం తుపాకీ మరమ్మతు వృత్తికి లైసెన్సు ఉండాలి. లేకుండా చేసేవారికి 2019 సవరణ తరువాత 7 ఏళ్లకు తగ్గని జైలు శిక్ష ఉంది. తన తుపాకీని తాను తుడుచుకోవడం వేరు, ఊరి కొలిమిలో బాగు చేయించడం వేరు. కొలిమివానిని మొగమాటపెట్టి అడగడం అంటే అతన్ని కేసులోకి నెట్టడమే.

తుపాకీకి లైసెన్సు ఉంటే జంతువును చంపడానికి అనుమతి ఉన్నట్టు కాదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వేరే ఉంది. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. దానికి ఆ చట్టంలో అత్యున్నత రక్షణ ఉంది. పంట నష్టం జరిగితే అటవీ శాఖకు తెలియజేయాలి.

ఎన్నికల డిపాజిట్టు

ఎన్నికలు వచ్చాయంటే లైసెన్సు తుపాకులను పోలీసు స్టేషనులో అప్పగించమని ఆదేశాలు వస్తాయి. 2024లో మార్చి 16న షెడ్యూలు ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లో మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు జరిగాయి. అంటే రెండున్నర నెలలకు పైగా గడిచింది. ముంగారు వానలతో సేద్యం మొదలయ్యే రోజులకు గాని ఆ ఎన్నికల సందడి ముగియలేదు.

అంతకాలం తుపాకీని ఎవరూ తుడవరు. కనుక ఇచ్చే ముందు చేసుకున్న జాగ్రత్తే దానికి రక్ష. బాగా కడిగి, ఆరబెట్టి, లోపల బయట పలచగా గ్రీజు పట్టించాలి. గోనెలో కాకుండా నూనె తడిపిన నూలు గుడ్డలో చుట్టాలి. తుపాకీ ఖాళీగా ఉందని చూపించి, నంబరు వేసిన రసీదు అడిగి తీసుకోవాలి. తిరిగి తీసుకునేటప్పుడు నంబరు సరిచూసుకుని, అక్కడే గొట్టం పైభాగం చూసుకోవాలి. ఇంటికి తెచ్చాక గ్రీజంతా తీసి, వెలుతురుకు ఎదురుగా లోపల చూసిన తరువాతే వాడాలి.

మడకకూ ఇదే సూత్రం

తుపాకీ లేని ఇల్లు ఉండవచ్చు గాని ఇనుము లేని రైతు ఇల్లు లేదు. మడక కర్రు, గొర్రు, గుంటక పలుగు, కొడవలి, ట్రాక్టరు నాగళ్లు అన్నీ ఒకే జాతి. ఉన్న కొద్దిపాటి పదునులో విత్తాలి, తప్పితే ఆ ఏడాది పోయినట్టే. అలాంటి రోజున తుప్పు పట్టిన గొర్రు జడ్డిగం నుంచి విత్తనం సరిగా జారదు. తుప్పెక్కిన కర్రుకు మట్టి అంటుకుని ఎద్దులకు బరువు పెరుగుతుంది.

పని అయిన రోజే మట్టి కడిగి, ఆరబెట్టి, కొత్త నూనె గాని గ్రీజు గాని పూసి, నేల తగలకుండా చెక్క మీద పెడితే మరుసటి ముంగారు దాకా చెక్కుచెదరదు. ఎరువు వెదజల్లిన పనిముట్టును నీళ్లతో కడగకుండా అసలు లోపల పెట్టకూడదు. మందు తుపాకీకి మసి ఎంతో, గొర్రుకు ఎరువు అంత.

వీటికి అయ్యే ఖర్చు చూస్తే ఒక చిన్న సీసా మిషను నూనె, పాత పంచె పీలికలు, ఒక బిందెడు వేడినీళ్లు. నెలకు అరగంట శ్రమ. కావలి కాసే రోజులు దగ్గరపడక ముందే, ఒక ఎండ రోజు చూసి, ఇంట్లోని ఇనుమంతా బయట పెట్టి చూసుకోవడం రైతులకు మంచిది.